లెక్కల బొమ్మలో ఏనుగు పిల్ల

పూరీ గేట్, ఖరగ్‌పూర్
ఆదివారం పొద్దున్న

చి.ల.సౌ. రాధారాణికి నీ భర్త దేముడు ప్రేమతో రాసేది.

ఇక్కడ నేనూ పూజా బాగున్నాం. పెరట్లో నువ్వు పెట్టి వెళ్ళిన ఆనపపాదు మాకన్నా బాగుంది. అక్కడ నువ్వు, అత్త, అత్త తుంటి ఎముక ముగ్గురూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. వాకరు పట్టుకుని వీధి గుమ్మం దాకా నడిచి, ఎదురింటావిడతో అరగంట పోట్లాడి, మళ్ళీ తనే లోపలికి వచ్చిందని నువ్వు రాసిన ముక్కని పూజ మూడుసార్లు చదివించుకుంది. పోట్లాట మొదలుపెట్టిందంటే అత్తకి ఇక భయం లేదు.

ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేయడం లేదు. పక్క లైను క్వార్టర్సులో ఉండే గార్డు టోని తెలుసుగా, విశాఖపట్నంలో చెల్లెలింటికి వెళ్తూ దారిలో పలాసలో దిగి నీకిచ్చి వెళ్తానన్నాడు. దీంతో పాటు చుట్టచుట్టిన బొమ్మలు ఆరున్నాయి, పోస్టులో అయితే నలిగిపోతాయి. "ఫోనులుండగా ఈ ఉత్తరాలేటి దేముడూ?" అని నవ్వాడు టోని. "మా అత్తకి స్పీకరు పెడితే గానీ ఇనబడదు. స్పీకరు పెడితే ఈదంతా ఇంటాది. మరి మా రాధతో నాను మనసులో మాట ఎలగ సెప్పాల?" అన్నాను. ఆ ముక్క నిజమేనని ఒప్పుకున్నాడు.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. గ్యాస్ బండ వచ్చింది. ఆవకాయ జాడీలో ఎవరూ తడి చెయ్యి పెట్టలేదు. పూజ మొదట్లో చేసిన పప్పుని పెరటి పిల్లి వాసన చూసి వెళ్ళిపోయేది, ఇప్పుడు ఆ పిల్లే పూటకి రెండుసార్లు వస్తోంది. నర్సింగు పరీక్షలు వచ్చే నెల పదో తారీకు నుంచి. షుగరు మాత్రలు ఇప్పుడు రోజూ వేసుకుంటున్నాను. ఆ 'ఇప్పుడు' అన్న మాట దగ్గర నువ్వు ఆగుతావని తెలుసు. ఆగకు, ముందుకి చదువు.

చివర్లో ఒక ప్రశ్న రాశావు. "పూజ నాన్నా, ఫోనులో నీ గొంతు ఏటో తేడాగా ఉంటంది. ఏటయినాది?" అని. దానికీ జవాబుంది. కానీ దాని దగ్గరికి నన్ను కాస్త నెమ్మదిగా రానీ. ముందు ఈ బొమ్మల సంగతి చెప్తాను.

ఈమధ్య నాకు పగటిపూట తీరిక ఎక్కువైంది. ఒకరోజు మధ్యాహ్నం పూజ ఇందా బజారులో నోట్సు జిరాక్సు తీయించుకుని వచ్చింది. వస్తూనే నా ఎదురుగా నిలబడి, "నాన్నా, అలగ గోడకేసి సూస్తూ కూర్చునే బదులు ఇంకేదైనా సూడొచ్చు కదా. జిరాక్సు కొట్టు మీద కాగితం అంటించినారు. బొమ్మలు సూడ్డానికి మనుషులు కావాలట" అంది.

"బొమ్మలు గీయడానికి మనిషి కావాల గానీ, సూడ్డానికి మనిషెందుకు?"

"గీసీది కంప్యూటరట. సూసీదే మనిషి."

మర్నాడు నన్ను స్కూటీ మీద ఎక్కించుకుని మన తెలుగు సంఘం చదువుల గది దగ్గర దింపి కాలేజీకి పోయింది. లోపల ఒక అమ్మాయి రెండు బల్లలు కలిపి, దాని మీద కంప్యూటరు పెట్టుకుని కూర్చుంది. పేరు మనస్విని. కరీంనగర్ దగ్గర పల్లెటూరు. ఇక్కడి ఇంజనీరింగు విద్యాసంస్థలో పరిశోధన చేస్తోంది. పూజ కన్నా ఓ ఏడేళ్ళు పెద్దదేమో, పెద్ద కళ్ళద్దాలు, గాలి పీల్చుకోకుండా మాట్లాడుతుంది.

ఆ అమ్మాయి చెప్పినదాంట్లో నాకు అర్థమైనంత నీకు చెప్తాను. కంప్యూటరుకి ఒక చిన్న లెక్క ఇస్తారు. వచ్చిన జవాబుని మళ్ళీ అదే లెక్కలో పెడతారు. మళ్ళీ వచ్చినదాన్ని మళ్ళీ పెడతారు. అలా వేలసార్లు. ఆ జవాబులు ఎటు పోతున్నాయో చూసి ఒక్కో చుక్కకి ఒక్కో రంగు వేస్తూ పోతే బొమ్మ తయారవుతుంది. దాన్ని ఫ్రాక్టల్ అంటారట. గోల్ బజార్లో మనం కొనే కాలీఫ్లవరు చూడు, ఒక రెమ్మ తుంచితే ఆ రెమ్మ కూడా చిన్న కాలీఫ్లవరులాగే ఉంటుంది కదా, ఈ బొమ్మలూ అంతే. ఎంత లోపలికి వెళ్ళి చూసినా అదే మెలిక, అదే కొస, మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటాయి. వాటిలో ఎవరూ ఏదీ కావాలని గీయలేదు. కానీ చూసినవాళ్ళకి ఏవో జంతువులు కనిపిస్తాయి. ఎవరికి ఏది కనిపిస్తుంది, ఏ గీత చూసి కన్ను దాన్ని జంతువు అనుకుంటుంది, అదే ఆ అమ్మాయి చదువు. కాలేజీ పిల్లలందరూ ఒకేలా చెప్తున్నారని, రకరకాల పనులు చేసే మనుషుల కోసం పూరీ గేట్ దాకా వచ్చింది.

"అంకుల్, ఇందుల తప్పు జవాబు అనేదే లేదు. మీకేం కనిపిస్తే అది చెప్పుండ్రి. ఏం కనిపియ్యకపోతే కనిపిస్తలేదు అనుండ్రి" అంది.

నాతో పాటు ఆ పూట ఇంకో నలుగురున్నారు. మన వీధికి వచ్చే చేపల మాషీ కూడా వచ్చింది. ఆవిడకి ప్రతి బొమ్మలోనూ చేపే కనిపించింది. "ఎటా మాఛ్! ఎటావో మాఛ్!" అని వేలు పెట్టి చూపిస్తూ, అది రోహూనో కట్లానో, తాజాదో నిన్నటిదో కూడా చెప్పేసింది. మనస్విని నవ్వకుండా అన్నీ రాసుకుంది. బట్టల కొట్టు దాదాకి మాత్రం అన్నిట్లోనూ పులే. ఒక బొమ్మ మీద పులా చేపా అని ఇద్దరికీ గట్టిగానే వాదన అయింది.

నా వంతు వచ్చింది. మొదటి బొమ్మ చూసి, "ఇదేటమ్మా, తుప్పు పట్టిన సైకిలు గొలుసులాగుంది" అన్నాను. రెండోదాంట్లో ఏమీ కనబడలేదు. మూడోదాంట్లో రెక్క ముడుచుకున్న గబ్బిలం కనబడింది. ఆ తర్వాత ఆగలేదు రాధా. పొదిగే కోడిపెట్ట. వానలో తల దించుకుని నిలబడ్డ గేదె. పట్టాల పక్క బొరియలోంచి సగం బయటికి వచ్చిన ముంగిస. ఒంటికాలి మీద కొంగ. కొంగ అనగానే మనస్విని, "ఏది అంకుల్, ఎక్కడ?" అని కుర్చీ దగ్గరికి లాక్కుంది. ముక్కెక్కడ మొదలవుతుందో చూపించాను. అప్పుడు ఆ పిల్లకీ కనబడింది.

నలభై ఒకటో బొమ్మ దగ్గర అందరూ పూలతీగ అన్నారు. మనస్విని కూడా దానికి పూలతీగ అనే పేరు పెట్టుకుంది. నేను చూశాను. ఒక్క క్షణం నా కుడి చెయ్యి దానంతటదే బల్ల మీద ముందుకి కదిలింది. ఏదో పట్టుకోబోయినట్టు.

"ఏమైంది అంకుల్?"

"ఏనుగమ్మా. తల్లి. దాని పొట్ట కింద పిల్ల ఉంది."

"ఏనుగా? నేను రోజూ చూస్తున్న, నాకెన్నడు కనపడలె."

వేలితో వీపు గీసి చూపించాను. "ఇదిగో, తల దగ్గర ఒక గూను, వెనక ఒక గూను. రాయి ఇలగ వంగదు. పొద ఇలగ వంగదు. ఇక్కడ గీత తెగినాది సూడు, అది చెవి. దాని కింద చిన్నగా ఇంకో వీపు, అది పిల్ల."

మనస్విని కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. "అయ్యో అంకుల్! ఇప్పుడు ఏనుగు తప్ప ఇంకేం కనిపిస్తలేదు! నా పూలతీగ ఏడికి పోయింది?" అని అరిచింది. చేపల మాషీ కూడా తొంగి చూసి, ఆ రోజు మొదటిసారి చేప అనకుండా, "హాతీ, హాతీ" అని రెండు చేతులూ జోడించింది.

ఎలా పట్టావని ఆ అమ్మాయి అడిగితే గిధ్నీ దగ్గర ఏనుగుల సంగతి చెప్పాను. నీకు తెలిసినదే, కానీ నీకు కూడా నేను పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. పూజ మూడో తరగతిలో ఉన్నప్పుడు, జనవరిలో, ఝార్‌గ్రామ్ దాటి ఖాళీ గూడ్సు బండి నడుపుకుంటూ వెళ్తున్నాను. తెల్లారింది గానీ మంచు విడలేదు. ఏనుగులు తిరుగుతున్నాయని ముందే కాగితం ఇచ్చారు, ముప్పై స్పీడులో వెళ్తున్నాం. ఎదురుగా పట్టాల మీద బూడిదరంగు మరక. నా అసిస్టెంటు, "రాయి కావచ్చు దాదా, పక్కనుంటాది" అన్నాడు. నాకు ఆ వీపు వంపు కనబడింది. బ్రేకు లాగేశాను. బండి మొత్తం మూలిగింది. ఆగేసరికి తల్లి మాకు ఇరవై అడుగుల దూరంలో ఉంది. పిల్ల దాని పొట్ట కింద దూరి నిలబడింది. తర్వాత అడవిలోంచి ఇంకో అయిదు వచ్చాయి. అవన్నీ దాటేదాకా మేమిద్దరం ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. ఆ రోజు ఇంటికి వచ్చి నీతో, "ఏనుగులొచ్చినాయి, లేటయిపోనాది" అని ఒక్క ముక్క చెప్పి పడుకున్నాను. చెప్పొచ్చు కదా మొత్తం. ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు.

ఆ రోజు నుంచి మనస్విని నన్ను వదల్లేదు. కొత్త బొమ్మలు చేయడం, నన్ను పిలవడం. పదిహేను రోజుల్లో రెండు వందలకి పైగా చూశాను. ఒక్కోసారి బొమ్మని తలకిందులు చేయమంటాను, అప్పుడు లోపలున్నది బయటపడుతుంది. తాబేలు అలాగే దొరికింది. ఇంటికొచ్చాక అన్నం తింటూ పళ్ళెంలో చారు మరకలో కుందేలు ఉందని పూజకి చూపిస్తే, "నాన్నా, ముందు దాన్ని కలుపుకుని తినీ" అంది. చాలా రోజుల తర్వాత మా ఇద్దరికీ నవ్వొచ్చింది.

తర్వాత ఒకరోజు కొత్త కట్టలో యాభై ఎనిమిదో నంబరు వేసిన బొమ్మ వచ్చింది. అది మంచి రంగులతో చేసినదట. గదిలో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారే "చిలక" అన్నారు. బట్టల కొట్టు దాదా కూడా చిలకే అన్నాడు. ఆకుల మధ్య ఎర్రటి చిలక, చిన్నపిల్లాడికైనా కనిపిస్తుందట. నేను చూశాను. తిప్పి చూశాను. దగ్గరగా, దూరంగా చూశాను. నాకు ఆకులు కూడా కనబడలేదు, ఏదో మట్టి పూసిన గోడలా ఉంది.

"అంకుల్, మీకు కనిపించకపోవుడేంది? గింత ఎర్రగ ఉంటే?"

నేను లేచి బయట అరుగు మీదకి వచ్చి కూర్చున్నాను. కాసేపటికి ఆ అమ్మాయి రెండు మట్టి కప్పుల్లో టీ పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. అంత మాట్లాడే పిల్ల నోరు మూసుకుని కూర్చునేసరికి, ఎవరికీ చెప్పనిది దానికి చెప్పేశాను.

రాధా, ఇప్పుడు ఎవరూ లేనిచోట కూర్చుని చదువు.

నువ్వు పలాస వెళ్ళిన తొమ్మిదో రోజున నాకు రైల్వే ఆసుపత్రిలో మెడికల్ పరీక్ష అయింది. రంగు చుక్కల పుస్తకం ఉంటుంది, ఆ చుక్కల్లో దాగిన అంకె చెప్పాలి. ఇరవై ఆరేళ్ళుగా గడియారంలో టైము చెప్పినట్టు చెప్తూ వచ్చాను. ఈసారి పేజీ నిండా చుక్కలే, అంకె లేదు. డాక్టరమ్మ మంచిది. తొందరేమీ లేదంది, టీ తాగి రమ్మంది, మళ్ళీ చూపించింది. తర్వాత చీకటిగదిలో దీపాలు పెట్టి ఎరుపా పచ్చా అని అడిగింది. నేను చెప్పినవాటిలో మూడు తప్పు. షుగరు వల్ల కంటి వెనక నరం దెబ్బతిందని చెప్పింది. చూపు పోదు, భయం లేదు, జాగ్రత్తగా ఉంటే ఇక్కడితో ఆగుతుందట. కానీ ఇంజను మాత్రం ఎక్కకూడదు. ఇక ఎప్పటికీ.

మర్నాడు వెళ్ళి ఇంజనులోకి తీసుకెళ్ళే నా లైన్ బాక్సు, జెండాలు, పుస్తకాలు అప్పగించి వచ్చాను. ఆ రోజు సాయంత్రం నువ్వు ఫోను చేసి, "ఇయాళ ఏ బండి?" అన్నావు. "టాటానగర్ ఎల్లొచ్చినాను" అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది. ఇక ఆపలేకపోయాను. యాభై రోజులుగా నేను నీకు ఫోనులో చెప్పిన బండ్లలో ఒక్కటీ నేను నడపలేదు. భద్రక్‌లో వాన పడిందని చెప్పానే, ఆ వాన నేను పూజ ఫోనులో చూసి చెప్పాను. హల్దీపాడ దగ్గర గంటన్నర నిలబెట్టేశారని విసుక్కున్నప్పుడు నేను మన మంచం మీదే కూర్చుని ఉన్నాను. అత్త స్పీకరులో, "ఏనుగులు కనబడినాయా అల్లుడూ?" అంటే, రెండు కనబడ్డాయని చెప్పాను. ముసలామెకి కూడా అబద్ధం చెప్పాను.

ఇంకొకటుంది. అసలు సిగ్గు దీనికే. నువ్వు వారానికి సరిపడా పొట్లాలు కట్టి ఇచ్చిన మాత్రలు రెండేళ్ళుగా డ్యూటీ రోజుల్లో వేసుకోలేదు. అవి వేసుకుంటే కడుపు కదులుతుంది, ఇంజనులో ఆ సదుపాయం లేదు, మధ్యలో బండి ఆపలేను. ఇంటికొచ్చే ముందు ఆ పొట్లం కిటికీలోంచి పారేసేవాణ్ణి. నువ్వు పొట్లాల డబ్బా ఖాళీ అవడం చూసి సంతోషపడేదానివి. ఈ మాట డాక్టరుతో ఒక్కసారి చెప్పుంటే వేరే మందు రాసేదట. ఇప్పుడు రాసింది, కడుపుకి ఏమీ కావడం లేదు. అంత చిన్న మాట అడగడానికి నాకు నామోషీ అయింది.

పూజకి మొదటి వారంలోనే తెలిసిపోయింది. దాన్ని నోరెత్తొద్దని బతిమాలాను. దాని మీద కోపం పెట్టుకోకు. మొన్న, "అమ్మకి నువ్వు రాస్తావా, నన్ను రాయమంటావా?" అని నా ముందు కాగితం, పెన్ను పెట్టి కూర్చున్నది కూడా అదే.

మళ్ళీ అరుగు దగ్గరికి వస్తాను. ఇదంతా విని మనస్విని అయ్యో పాపం అనలేదు. "అంకుల్, ఒక్క నిమిషం" అని లోపలికి లాక్కెళ్ళింది. ఆ చిలక బొమ్మలో రంగంతా తీసేసి నలుపు తెలుపు చేసింది. అందరినీ పిలిచి, "ఇప్పుడు చిలకని చూపియ్యండి" అంది. ఎవరూ చూపించలేకపోయారు. చిలక మాయం. తర్వాత నా ఏనుగు బొమ్మకి నీలం వేసింది, పసుపు వేసింది, మొత్తం రంగు తీసేసింది. తల్లీ పిల్లా అక్కడే ఉన్నాయి.

"ఆ చిలక ఉత్త రంగు మీదనే నిలబడ్డది అంకుల్, దానికి గీత లేదు. మీ ఏనుగు గీత మీద నిలబడ్డది. నేను రెండేండ్ల నుంచి చూస్తున్న, గీత ఇంత బాగ పట్టేటోళ్ళు నాకు ఒక్కరు కూడ దొరకలె. మీరు రేపు రాకపోతే నేనే మీ ఇంటికొస్త" అంది.

రాధా, డాక్టరమ్మ కాగితం మీద సంతకం పెట్టిన రోజు నుంచి నా కళ్ళు నావి కానట్టు తిరుగుతున్నాను. ఆ పిల్ల మాటతో అవి మళ్ళీ నా మొహం మీదకి వచ్చి కూర్చున్నట్టు అనిపించింది.

కిందటి ఆదివారం ఆ చదువుల గదిలోనే బొమ్మలన్నీ గోడలకి పెట్టి అందరినీ పిలిచింది. రైల్వే కాలనీ పిల్లలు బిలబిలా వచ్చారు. ఎక్కడ ఏ జంతువు ఉందో చూపించే పని నాదే. నేను ఎక్కడుందో చెప్పేయకుండా, తోక దగ్గర మొదలుపెట్టి వాళ్ళ చేతే వెతికించాను. కనబడగానే ఒక్కొక్కరూ పెట్టే కేకకి బయట టోటో రిక్షా వాళ్ళు బండ్లు ఆపి తొంగి చూశారు. లోకో ఇన్‌స్పెక్టరు కృపారావు గారు మనవరాలిని తీసుకుని వచ్చారు. నేను ఆయన్ని తప్పించుకుందామని వెనక్కి జరిగాను. ఎందుకంటే పదవి మార్పు కాగితం, బుకింగు ఆఫీసులో కూర్చునే పనికి ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టాల్సినది, మూడు వారాలుగా అల్మైరాలో నీ చీరల కింద దాచి ఉంచాను. సంతకం పెడితే అది నిజమైపోతుందని నా భయం.

ఆయన చాలాసేపు నిలబడి చూశారు. మనవరాలికి ముంగిస దొరికాక నా దగ్గరికి వచ్చి, "దేముడూ, ఈ ఇద్య మా కొత్త కుర్రోళ్ళకి నేర్పుతావేటి?" అన్నారు.

"ఏ ఇద్య సార్?"

"మంచులో ఏది రాయో ఏది పశువో పోల్చుకునీ ఇద్య. ట్రైనింగు సెంటర్లో నేర్పీవోడి జాగా ఖాళీగా ఉంది. పుస్తకం సెప్పీవోళ్ళు శానామంది ఉన్నారు. ఇలగ సూపించీవోడు లేడు."

"నాకు హిందీలో పాఠం సెప్పడం రాదు సార్. ఆళ్ళంతా డిగ్రీలు సదివినోళ్ళు."

"పిల్లలకి ఏ బాసలో సెప్పినావు ఇప్పుడు? నాను ఇన్నాను కదా. తెలుగు, బెంగాలీ, హిందీ అన్నీ కలిపి కొట్టీసినావు. అందరికీ అర్థమైనాది. బుధవారం వచ్చీ."

బుధవారం వెళ్ళాను. నువ్వు ఇస్త్రీ చేసి పెట్టిన తెల్లచొక్కా వేసుకున్నాను. క్లాసులో పద్నాలుగు మంది కొత్త అసిస్టెంటు లోకో పైలట్లు. "ఠీక్ హై, బైఠో" అన్నాను, వాళ్ళు అప్పటికే కూర్చుని ఉన్నారు. ఒకరిద్దరు నవ్వారు, నేనూ నవ్వేశాను, అంతటితో భయం పోయింది. గిధ్నీ సంగతి చెప్పి, మనస్విని ఇచ్చిన నలభై ఒకటో బొమ్మని తెర మీద వేయించి, ఇందులో ఏముందో చెప్పమన్నాను. పూలు అన్నారు, మెట్లు అన్నారు, పొగ అన్నారు. అయిదు నిమిషాలకి ఒకడికి తల్లి దొరికింది. ఇంకొకడికి పిల్ల. శభాష్ అని నేను బొమ్మ మార్చబోతుంటే చివరి వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. జాయ్ అని, మన సౌత్ సైడు కాలనీ పిల్లే.

"సార్, పిల్ల ఒకటి కాదు సార్. రెండు."

"ఎక్కడుందమ్మా రెండోది?"

అది లేచి వచ్చి తెర మీద వేలు పెట్టింది. తల్లి వెనక కాలు పక్కన, గీత సన్నగా లోపలికి తిరిగిన చోట, ఇంకో చిన్న తొండం, చిన్న నుదురు. రాధా, ఆ బొమ్మని నేను వందసార్లు చూశాను. దాన్ని పట్టుకున్నది నేనేనని ఊరంతా చెప్పుకున్నాను. రెండో పిల్ల నాకు కనబడలేదు. క్లాసంతా గోల. నేను దాన్ని మళ్ళీ చూపించమని, మళ్ళీ చూపించమని అడిగాను. రేపు ఆ లైన్లో ఆ పిల్ల ఇంజను ఎక్కుతుంది కదా అనుకుంటూ అందరికన్నా గట్టిగా నేనే చప్పట్లు కొట్టాను.

శుక్రవారం ఆర్డరు వచ్చింది. నీ చీరల కింద దాచిన కాగితం తీసుకెళ్ళి వెనక్కి ఇచ్చేసి, ట్రైనింగు సెంటరు కాగితం మీద సంతకం పెట్టాను. ఒకటో తారీకున చేరాలి. ఇల్లు గడవడానికి ఇబ్బందేమీ లేదు. రోజూ సాయంత్రం అయిదున్నరకి ఇంట్లో ఉంటాను. అది నీకు సంతోషమో బెంగో నువ్వే తేల్చుకో.

ఆరు బొమ్మలూ నీకే. వెనకాల జవాబు రాయలేదు. అత్తకి కూడా చూపించు, ఆమెకి అన్నిట్లోనూ ఎదురింటావిడ కనబడితే మనస్వినికి చెప్తాను, రాసుకుంటుంది.

నీకు కోపం వస్తుంది. రావాలి. నీ ముందు అంత ధైర్యంగా తిరిగిన మనిషి ఈ చిన్న మాట చెప్పడానికి ఇన్నాళ్ళు తీసుకున్నాడని నవ్వుకున్నా సరే. డ్రైవరు భార్యనని నువ్వు పలాసలో పదిమందిలో గొప్పగా చెప్పుకుంటావు, ఆ గొప్ప నీ దగ్గర్నుంచి లాక్కోవడం నా వల్ల కాలేదు. అదొక్కటే నా దగ్గరున్న సాకు. దాన్ని కూడా నువ్వు ఒప్పుకోనక్కర్లేదు. ఫోనులో మాత్రం తిట్టకు, వీధంతా వింటుంది. నేనే వస్తున్నాను, ఎదురుగా తిట్టు.

శనివారం పొద్దుటి బండికి వస్తాను, సాయంత్రానికి పలాస. మన పెళ్ళయిన ఇరవై మూడేళ్ళలో మీ ఊరు వచ్చినప్పుడల్లా డ్యూటీ దిగి బండెక్కడం, పై బెర్తు మీద పడి నిద్రపోవడం. చిలికా సరస్సు వచ్చిందని నువ్వు ప్రతిసారీ కాలు పట్టి లాగి లేపేదానివి, నేను ఒక్కసారీ లేవలేదు. ఈసారి కిటికీ పక్క సీటు తీసుకున్నాను. నీళ్ళ మీద పక్షులున్నాయో, పడవలున్నాయో, ఏమీ లేక ఉత్త నీళ్ళే ఉన్నాయో, ఏది చూస్తే అదే వచ్చి నీకు చెప్తాను.

ఇట్లు,
నీ కోపానికి తలొంచుకుని వస్తున్న
పూజ వాళ్ళ నాన్న,
దేముడు